ఊరి నీళ్ల టెస్టులో అన్నీ ఓకే.. మరి గడ్డి మందు సంగతేంటి? కిట్ చెప్పని అసలు లెక్క ఇదీ!

ఊళ్లో నీళ్ల టెస్టు అయింది. చిన్న సీసాలో నీళ్లు పోశారు, చుక్కల మందు వేశారు, రంగు చూశారు. ఫ్లోరైడ్ ఓకే. నైట్రేట్ ఓకే. క్లోరిన్ ఉంది. "నీళ్లు బాగానే ఉన్నాయి" అని రాసేసుకున్నారు. అయితే అదే వారం ఊరి చుట్టూ మొక్కజొన్న చేలల్లో కలుపు మందు కొట్టారు. మర్నాడే పెద్ద వాన. మరి ఆ మందు తాగే నీళ్లలోకి వచ్చిందా? లేదా? ఆ కిట్‌ను అడిగితే సమాధానం దొరకదు. ఎందుకంటే అసలు ఆ ప్రశ్నే కిట్‌లో లేదు.

వానాకాలం వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో గడ్డి మందు లేకుండా పొలం పని నడవని పరిస్థితి. కూలీల కొరత, పెరిగిన కూలి రేట్లు.. రైతుకు వేరే దారి కనిపించట్లేదు. వాడకం పెరిగింది కానీ, అది నీళ్లలో ఎంత కలుస్తోందో ఊరి స్థాయిలో చూసే ఏర్పాటు మాత్రం రాలేదు. నిజానికి చేత్తో పట్టుకెళ్లి వాగు గట్టు మీదే చేసే టెస్టులు ప్రపంచంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మరి మన దగ్గర ఎందుకు లేవు? ఉంటే ఎంతవరకు నమ్మొచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊళ్లో ఉన్న కిట్ ఏం చూస్తుంది?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో నీళ్ల టెస్టును ఊళ్లోకే తెచ్చారు. ఊరికి ఐదుగురు మహిళలకు ట్రైనింగ్ ఇచ్చి, ఫీల్డ్ టెస్టింగ్ కిట్ చేతికివ్వాలన్నది ప్లాన్. ఇది మంచి పనే. ల్యాబ్ కోసం ఎదురుచూడకుండా పంచాయతీ ఆఫీసు ముందే టెస్టు అయిపోతుంది.

ఆ కిట్‌లో సాధారణంగా ఉండేవి ఇవీ.. పీహెచ్, మసకదనం, గట్టిదనం, ఆల్కలినిటీ, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్, ఐరన్, మిగిలిన క్లోరిన్. బ్యాక్టీరియా కోసం వేరే సీసా ఇస్తారు. నీళ్లు పోసి పెడితే కలుషితమైనప్పుడు నల్లగా మారుతుంది. నల్గొండ ఫ్లోరైడ్ కష్టం చూసిన వాళ్లకు ఈ టెస్టుల విలువ వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఈ లిస్టులో అట్రజిన్ లేదు. 2,4-డి లేదు. బ్యూటాక్లోర్ లేదు. గ్లైఫోసేట్ లేదు. అంటే "టెస్టులో పాస్" అన్న మాటకు అర్థం.. అడిగిన తొమ్మిదీ పది ప్రశ్నల్లో పాస్ అని మాత్రమే. గడ్డి మందు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

టీడీఎస్ మీటర్ చూపిస్తే సరిపోతుందా?

వాటర్ ప్లాంట్‌కు వెళ్తే పెన్ లాంటి మీటర్ ముంచి "చూడండి సార్, టీడీఎస్ 60" అంటారు. చాలామంది దాన్నే స్వచ్ఛతకు సర్టిఫికెట్ అనుకుంటారు. ఇక్కడే అసలు మెలిక ఉంది.

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో. దాన్ని బట్టి కరిగిన ఉప్పులు ఎన్నో లెక్క కడుతుంది. అది చూపించే అంకె లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. అట్రజిన్‌కు మన తాగునీటి పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు. అంటే 0.002 మిల్లీగ్రాములు. పరిమితికి పది రెట్లు అట్రజిన్ ఉన్నా ఆ మీటర్‌లో అంకె కదలదు. తూకం బ్రిడ్జి మీద లారీని తూచేటప్పుడు డ్రైవర్ జేబులో ఉన్న చిల్లర బరువు తెలుస్తుందా? ఇదీ అంతే.

రంగు, వాసన కూడా నమ్మలేం. ఇంత తక్కువ మోతాదులో నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి.

ఒక్క గ్రాము పొడి.. రెండున్నర లక్షల లీటర్లు!

అంత తక్కువైతే భయం ఎందుకు అనిపించొచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. మార్కెట్‌లో దొరికే అట్రజిన్ 50 శాతం పొడి. ఒక గ్రాము పొడిలో అసలు మందు 500 మిల్లీగ్రాములు. దాన్ని లీటరుకు 2 మైక్రోగ్రాముల లెక్కన పంచితే 2,50,000 లీటర్ల నీళ్లు పరిమితి అంచుకు చేరతాయి. అంటే 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులు నాలుగు. కారణం ఒకే ఒక్క గ్రాము.

మొక్కజొన్నకు ఎకరాకు వాడేది సుమారు కిలో పొడి. అందులో ఎక్కువ భాగం నేలలోనే ఉండి మెల్లగా విరిగిపోతుంది, అది నిజం. కానీ గట్టి వానకు నూటికి ఒక వంతు కొట్టుకుపోయిందనుకుందాం. అది 10 గ్రాములు. అది 25 లక్షల లీటర్లను పరిమితి అంచుకు తేగలదు. ఇది ఒక్క ఎకరం లెక్క మాత్రమే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోసిన వెంటనే దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి బాగా పెరిగింది. దున్నడం లేదంటే కలుపు పని మొత్తం మందుదే. వరిలో అయితే నాట్లు వేసిన కొద్ది రోజులకే బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ లాంటివి ఇసుకలో కలిపి చల్లుతారు. అప్పుడు మడిలో పల్చగా నీళ్లుంటాయి. ఆ తర్వాత పెద్ద వాన పడి గట్టు తెగినా, నీళ్లు బయటికి వదిలినా నేరుగా మురుగు కాల్వలోకి పోతాయి. డెల్టాలో చాలా ఊళ్లకు మంచినీళ్ల చెరువు నిండేది సాగు కాల్వల నుంచే అన్నది మర్చిపోవద్దు.

కాచినా పోదు, క్లోరిన్ వేసినా పోదు

ఇంట్లో చేసే జాగ్రత్తలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. నీళ్లు కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి. అట్రజిన్ చావదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మామూలుగా వేసే క్లోరిన్, పటిక కూడా దాన్ని తీసేయలేవు. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ పట్టుకుంటుంది, ఆర్ఓ చాలావరకు ఆపుతుంది. అదీ క్యాండిల్స్, పొరలు టైంకి మారిస్తేనే.

ఒక్క గ్లాసుతో ఏదో అయిపోతుందని కాదు. అసలు సమస్య ఏళ్ల తరబడి తాగడం. పరిమితికి మించి అట్రజిన్ ఉన్న నీళ్లు చాలా ఏళ్లు తాగితే గుండె, రక్తనాళాలకు, సంతాన సామర్థ్యానికి ఇబ్బందులు రావొచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. 2,4-డి విషయంలో కిడ్నీ, కాలేయం గురించి హెచ్చరిస్తోంది.

చేతిలో పట్టే టెస్టు ఎలా పనిచేస్తుంది?

కోవిడ్ టైంలో ఇంట్లో చేసుకున్న ర్యాపిడ్ కిట్ గుర్తుందిగా? గడ్డి మందు స్ట్రిప్ కూడా ఆ కుటుంబమే. నీళ్ల చుక్కలు వేయాలి, కాసేపు ఆగాలి, గీతలు చూడాలి. ఫ్రిజ్ సైజు మెషీన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. కోవిడ్ కిట్‌లో రెండు గీతలొస్తే పాజిటివ్. అట్రజిన్ స్ట్రిప్‌లో లెక్క రివర్స్! రెండు గీతలు బాగా కనిపిస్తే మందు లేదు, లేదా పరిమితి కన్నా తక్కువ ఉంది. టెస్ట్ గీత మాయమైతేనే మందు ఉన్నట్టు.

ఎందుకలా? స్ట్రిప్‌లో ఆ మందును పట్టుకునే యాంటీబాడీలు రంగుతో కలిసి ఉంటాయి. టెస్ట్ గీత మీద ముందే ఆ మందు అతికించి పెడతారు. మనం పోసిన నీళ్లలో మందు లేకపోతే యాంటీబాడీలు ఖాళీగా వెళ్లి ఆ గీత దగ్గర ఆగుతాయి, గీతకు రంగొస్తుంది. నీళ్లలోనే మందు ఉంటే దారిలోనే దానికి అంటుకుపోతాయి, గీత దాకా వచ్చినా పట్టుకోలేవు. గీత రంగు తేలదు. కంట్రోల్ గీత కూడా రాకపోతే ఆ స్ట్రిప్ పాడైనట్టే, పారేయాలి.

ఈ ఒక్క విషయం సరిగ్గా చెప్పకుండా ఊళ్లో స్ట్రిప్స్ పంచితే ఏమవుతుందో ఊహించండి. మంచి నీళ్లు చూసి భయపడతారు, చెడ్డ నీళ్లు హాయిగా తాగుతారు.

నమ్మొచ్చా? ఎక్కడిదాకా?

పూర్తిగా నమ్మేయొద్దు, పూర్తిగా కొట్టిపారేయొద్దు. స్ట్రిప్ చెప్పేది తీర్పు కాదు. "ఈ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపండి" అన్న సిగ్నల్ మాత్రమే. కారణాలు ఇవీ..

ఒకటి, గీత ఎక్కడ మాయమవ్వాలో తయారీలోనే ఫిక్స్ అవుతుంది. అమెరికాలో అట్రజిన్ పరిమితి లీటరుకు 3 మైక్రోగ్రాములు. దానికి తగ్గట్టే చేసిన స్ట్రిప్స్ ఉన్నాయి. మన పరిమితి 2. నీళ్లలో 2.5 ఉందనుకోండి.. అమెరికా స్ట్రిప్‌లో పాస్, మన ప్రమాణంలో ఫెయిల్! కాబట్టి కొనేటప్పుడే ఆ అంకె చూసుకోవాలి.

రెండు, ఒక స్ట్రిప్ ఒక మందునో, దాని దగ్గరి చుట్టాలనో మాత్రమే పట్టుకుంటుంది. అట్రజిన్ స్ట్రిప్ క్లీన్ అని చెప్పినంత మాత్రాన 2,4-డి లేదని కాదు.

మూడు, మందు నేలలో విరిగి వేరే పదార్థాలుగా మారుతుంది. వాటిని స్ట్రిప్ సరిగ్గా గుర్తించకపోవచ్చు.

నాలుగు, మన ఎండలు. యాంటీబాడీ అంటే ప్రొటీన్. మే నెల ఎండలో పంచాయతీ బీరువాలో పెడితే పాడవుతుంది. బురద నీళ్లను వడకట్టకుండా వేస్తే కూడా ఫలితం తప్పుతుంది.

గ్లైఫోసేట్ కథ ఇంకా వేరు. అది చిన్న అణువు, నీళ్లలో ఇట్టే కలిసిపోయే రకం. యాంటీబాడీ టెస్టుకు ముందు శాంపిల్‌కు ఒక రసాయన ప్రక్రియ అదనంగా చేయాల్సి వస్తుంది. అందుకే గట్టు మీద చేయడం అట్రజిన్ అంత ఈజీ కాదు.

అమెరికా అనుభవం ఏం చెబుతోంది?

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1989లో అమెరికా జియలాజికల్ సర్వే మొక్కజొన్న ఎక్కువగా పండే మిడ్‌వెస్ట్ ప్రాంతంలో వందకు పైగా వాగులు, నదుల నీళ్లు పరీక్షించింది. విత్తే ముందు ఒకసారి, మందు కొట్టాక పడ్డ తొలి వానల తర్వాత ఒకసారి, కోతల టైంలో ఒకసారి. విత్తే ముందు, కోతల టైంలో తక్కువే కనిపించాయి. తొలి వానల తర్వాత మాత్రం ఒక్కసారిగా ఎగిశాయి. ఆ రోజుల్లోనే యాంటీబాడీ టెస్టుతో జల్లెడ పట్టడం, అనుమానం ఉన్నవాటిని పెద్ద మెషీన్‌లో కన్ఫర్మ్ చేయడం అనే పద్ధతి అక్కడ నిలదొక్కుకుంది.

దీంట్లో మనకు కావాల్సిన పాఠం ఒకటుంది. ఏం టెస్టు చేశారన్నదే కాదు, ఎప్పుడు చేశారన్నదీ ముఖ్యం. అట్రజిన్ ఏడాదంతా ఒకేలా ఉండదు. కొన్ని వారాలు పెరిగి మళ్లీ తగ్గిపోతుంది. అందుకే 2003 నుంచి అక్కడ ఎంపిక చేసిన నీటి సరఫరా వ్యవస్థల్లో మందు కొట్టే సీజన్‌లో వారం వారం శాంపిల్స్ తీసే కార్యక్రమం పెట్టారు.

డబ్బు లెక్క కూడా చూడండి. అట్రజిన్ తీసేయడానికి ఫిల్టర్ల ఖర్చు మాకెందుకు అంటూ అక్కడి నీటి సరఫరా సంస్థలు తయారీ కంపెనీ సింజెంటా మీద కేసు వేశాయి. 2012లో ఆ కంపెనీ 10.5 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. తప్పు ఒప్పుకోలేదు, అది వేరే విషయం. కానీ ఆ సంస్థల చేతిలో ఏళ్ల తరబడి తీసిన టెస్టు రికార్డులు ఉన్నాయి కాబట్టే అడగగలిగాయి. మన ఊళ్ల దగ్గర అలాంటి రికార్డు ఏది?

జల్ జీవన్ మిషన్ పద్ధతిలో నీటి వనరుకు రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి, బ్యాక్టీరియా పరీక్ష వానలకు ముందు, తర్వాత చేయాలి. ఫ్లోరైడ్ లాంటి వాటికి ఏడాదికి ఒకసారి సరిపోవచ్చు, అది భూమి లోపలి రాయి నుంచి వచ్చేది. గడ్డి మందుకు సరిపోదు. జనవరిలో శాంపిల్ తీస్తే జులైలో ఏం తాగామో తెలియదు.

సీసా నీళ్లకు ఒక రూలు.. కుళాయికి ఇంకోటి!

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012)లో కొన్ని గడ్డి మందులకు పరిమితులున్నాయి. లీటరుకు మైక్రోగ్రాముల్లో అట్రజిన్ 2, ఐసోప్రొట్యూరాన్ 9, అలాక్లోర్ 20, 2,4-డి 30, బ్యూటాక్లోర్ 125.

ఇప్పుడు సీల్ వేసిన వాటర్ బాటిల్ సంగతి చూడండి. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ బాటిల్ నీళ్లలో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టాక దేశమంతా గొడవైంది. ఆ తర్వాత రూల్స్ మారాయి. బాటిల్ నీళ్లలో ఒక్కో మందు అవశేషం లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు. ఇది యూరప్ స్థాయి ప్రమాణం. అంటే అట్రజిన్ విషయంలో కుళాయి నీళ్ల రూలు కన్నా 20 రెట్లు, 2,4-డి విషయంలో 300 రెట్లు కఠినం.

గ్లైఫోసేట్, పారాక్వాట్, ప్రెటిలాక్లోర్, పెండిమెథాలిన్.. మన షాపుల్లో తరచూ వినిపించే ఈ పేర్లు ఐఎస్ 10500 లిస్టులోనే లేవు. గ్లైఫోసేట్‌కు అమెరికాలో పరిమితి 700 మైక్రోగ్రాములు, యూరప్‌లో ఏ మందుకైనా 0.1. రెండిటికీ మధ్య తేడా 7,000 రెట్లు! 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ దీన్ని "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నది" అన్న వర్గంలో పెట్టింది. ఈపీఏ ఆ మాటతో ఏకీభవించలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో గ్లైఫోసేట్‌ను లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని ఆంక్ష పెట్టింది. మరి రేపు ఏదో ఊళ్లో టెస్టు చేసి గ్లైఫోసేట్ 50 వచ్చిందనుకుందాం. అది ఎక్కువా? తక్కువా? సరఫరా ఆపాలా? చెప్పడానికి మన తాగునీటి రూలు పుస్తకంలో అంకె లేదు.

కిట్ కన్నా ముందు కావాల్సింది ఆ అంకె.

ఏలూరు గుర్తుందా?

2020 డిసెంబర్ మొదటి వారం. ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. నీళ్లా, గాలా, కూరగాయలా? ఎవరికీ అర్థం కాలేదు. శాంపిల్స్ ఢిల్లీ, హైదరాబాద్ సహా చాలా సంస్థలకు వెళ్లాయి. మొదట రక్తంలో సీసం, నికెల్ అన్నారు. ఆ నెల మధ్యలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం అని నిపుణుల సంస్థలు ప్రభుత్వానికి చెప్పాయి. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

ఏలూరులో మాట వినిపించింది పురుగుమందు గురించి, గడ్డి మందు గురించి కాదు. నీళ్ల వల్లే అని కూడా తేలలేదు. కానీ అక్కడ కనిపించిన లోటు ఇక్కడా అదే. ముందు నుంచి తీసిన రికార్డు లేకపోతే, ఏదైనా జరిగిన రోజున వెతుకులాట సున్నా నుంచి మొదలవుతుంది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణాల మీద ఇన్నేళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. పురుగుమందులు, కలుపు మందుల మీదా అనుమానాలు వచ్చాయి, ఏదీ రుజువు కాలేదు. అనుమానాన్ని కొట్టేయాలన్నా, నిరూపించాలన్నా కావాల్సింది ఏళ్ల తరబడి తీసిన అంకెలే.

మరి ఏం చేయొచ్చు?

అన్ని ఊళ్లకూ అన్ని స్ట్రిప్స్ కొనమని కాదు. ఊరి పంటను బట్టి ఒకటి రెండు చాలు. మొక్కజొన్న ఎక్కువ ఉన్న చోట అట్రజిన్. వరి, చెరకు ఎక్కువ ఉన్న చోట 2,4-డి. మందు కొట్టే సీజన్‌లో తొలి రెండు మూడు పెద్ద వానల తర్వాత టెస్టు చేయాలి. చెరువులో, కాల్వలో, పొలాల మధ్య ఉన్న లోతు తక్కువ బావిలో. ట్రైనింగ్ అయిన ఆ ఐదుగురు మహిళలే ఈ పని చేయగలరు. గీత రివర్స్ అన్న ఒక్క విషయం గట్టిగా నేర్పిస్తే చాలు.

గీత మాయమైతే శాంపిల్ ఎక్కడికి పంపాలో ముందే రాసి ఉండాలి. కన్ఫర్మ్ చేయడానికి ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ లాంటి మెషీన్లున్న ల్యాబ్ కావాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్ఐపీహెచ్ఎం లాంటి సంస్థలకు అవశేషాల పరీక్షలో అనుభవం ఉంది. ఆ దారి లేకుండా స్ట్రిప్ ఇస్తే ఊళ్లో భయం తప్ప ఇంకేం మిగలదు.

శాంపిల్ తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. అట్రజిన్‌కు ముదురు రంగు గాజు సీసా వాడాలి. గ్లైఫోసేట్ గాజుకు అంటుకునే రకం కాబట్టి దానికి ప్లాస్టిక్ సీసా. మందు డబ్బాలు, కూల్ డ్రింక్ బాటిళ్లు వద్దే వద్దు. మందు కొట్టిన చేతులతో సీసా ముట్టుకోవద్దు. ఐస్ పెట్టెలో పెట్టి త్వరగా పంపాలి. తేదీ, చోటు, చుట్టూ ఏ పంట, ఏ మందు ఎప్పుడు కొట్టారు, వాన ఎప్పుడు పడింది.. ఇవన్నీ సీసా మీదే రాయాలి.

ఇక రైతును దోషిని చేసే మాట కాదు ఇది. ఆ నీళ్లు మొదట తాగేది ఆ రైతు ఇంట్లో వాళ్లే. వాన సూచన ఉన్న రోజు మందు కొట్టకపోవడం, బావి, కాల్వ పక్కన కొంత మేర వదిలేయడం, స్ప్రేయర్ ట్యాంకును చెరువులో కడగకపోవడం.. వీటికి ఖర్చు లేదు.

మీ ఊళ్లో ఈసారి నీళ్ల టెస్టు జరిగితే మూడు ప్రశ్నలు అడగండి. ఏమేం చూశారు? శాంపిల్ ఎప్పుడు తీశారు, వానకు ముందా తర్వాతా? కలుపు మందు టెస్టు కావాలంటే ఏ ల్యాబ్‌కు పంపాలి? జల్ జీవన్ మిషన్ కింద నీళ్ల ల్యాబులను జనానికి కూడా తెరవాలన్న నిబంధన ఉంది, అక్కడ నామమాత్రపు ఫీజుతో శాంపిల్ ఇవ్వొచ్చు. ఆ ల్యాబ్‌లో కలుపు మందు టెస్టు లేదంటే, లేదన్న ఆ మాటనే రాసి ఇమ్మనండి. గ్రామసభలో ఆ కాగితం చూపించి అడగొచ్చు.